కోతలు అయ్యేదాకా

పెద్ద యుద్ధాల గురించి రాసేవాళ్ళకి తారీకులంటే మహా ఇష్టం. పంతొమ్మిదొందల నలభై నాలుగు నాటి కోహిమా పోరు సంగతి అడిగితే గుక్క తిప్పుకోకుండా చెప్తారు: ఏప్రిల్ నాలుగున జపాను వాళ్ళు వచ్చిపడ్డారు, ఇరవైన ముట్టడి సడలింది, మే పదమూడున జైలు గుట్ట చేజిక్కింది, జూన్ ఇరవై రెండున ఇంఫాల్ రోడ్డు తెరుచుకుంది, తూర్పున యుద్ధం అక్కడే మలుపు తిరిగింది. నిజమే, నేను కాదనను. ఆ గుట్టకి ఒక పూట నడక దూరంలో ఉన్న మా కెరూమా ఊళ్ళో కెవినువోని అడిగితే మాత్రం ఇందులో ఒక్క తారీకూ చెప్పలేకపోయేది. ఆ ఏడు నారు ఎప్పుడు పోశారో, నాట్లు ఎంత ఆలస్యంగా పడ్డాయో, కోత ఏ పొద్దున మొదలైందో వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పేది.

కెవినువో మా ఊరి తొలికోతమ్మ. కొండ చరియ మీద మెట్లు మెట్లుగా దిగే మా వరిమళ్ళు ఎంత పండి నేలకి వంగినా, ఆవిడ వెళ్ళి మొదటి గుప్పెడు వెన్నులు కోసేదాకా ఊళ్ళో ఎవరూ కొడవలి పట్టడానికి వీల్లేదు. పదకొండేళ్ళుగా ఆ పని ఆవిడదే. ఆ గర్వం ఆవిడకి లేకపోలేదు. ఒక ఏడాది తొందరపడి పొలం గట్టున రెండు వెన్నులు తుంచిన ఒక పెద్దమనిషిని నలుగురిలో నిలబెట్టి కడిగేసింది. ఆయన మూడు నెలలు ఆవిడ ఇంటి ముందు నుంచి పోవడం మానేసి కొండ చుట్టి వెళ్ళేవాడు.

తొలికోతమ్మకి ఒక కట్టుబాటు ఉంది. ఆ ఇంట్లో దుర్మరణం ఉండకూడదు. పులి వాత పడినా, ఏట్లో కొట్టుకుపోయినా, కాన్పులో పోయినా, ఆయుధం తగిలి పోయినా మాకు దుర్మరణమే. అలాంటి ఇంటి చెయ్యి ముందుగా పడితే ఆ ఏటి గింజ గాదెలో నిలవదని పెద్దల నమ్మకం. పోనీ ఇంకొకరిని పెట్టుకుందామంటే, అది చలికాలంలోనే జరగాలి. మచ్చలేని పందిని కోయాలి, ఐదు రోజులు ఊరు కదలకుండా ఉండాలి. పంట చేలో ఉండగా మనిషిని మార్చడం అనేది లేదు.

ఆ ఏడు మార్చిలో నారు పోశాం. ఏప్రిల్‌లో యుద్ధం వచ్చింది. ఊరు ఊరంతా అడవిలోకి పోయి ఆకుల పాకల్లో తలదాచుకుంది. గుట్ట మీద ఫిరంగులు పేలుతుంటే ఇక్కడ పొయ్యి మీది కుండ కదిలేది. మగవాళ్ళు కొందరు ఇంగ్లీషు సైన్యానికి మోతకి కుదిరారు. తూటాల పెట్టెలు పైకి మోయడం, దెబ్బతిన్న సిపాయిల్ని కిందికి మోయడం. కెవినువో మొగుడు ఏనాడో జ్వరంతో మంచంలోనే పోయాడు. మిగిలింది ఒక్క కొడుకు, విసాలీ. ఇరవై రెండేళ్ళు, మాటకారి, పని దగ్గర కాస్త బద్ధకం. వాడూ వెళ్ళాడు. తల్లి వద్దనలేదు. వద్దంటే వింటాడన్న నమ్మకం ఆవిడకి ఎప్పుడూ లేదు.

మే నెల సగం దాటాక, వాన కురుస్తున్న ఒక మధ్యాహ్నం, కెవినువో వాగు దగ్గర అడవి దుంపలు కడుగుతోంది. ఎగువన నలుగురు మనుషులు కనిపించారు. వాళ్ళలో ఊరి పెద్ద జాసిలీ ఉన్నాడు, ఆవిడకి వరసకి తమ్ముడు. నలుగురూ తల మునిగేలా స్నానం చేశారు. చేతులు ఆకులతో మళ్ళీ మళ్ళీ రుద్దుకున్నారు. తర్వాత కప్పుకున్న శాలువాలు అక్కడే రాళ్ళ మీద వదిలేసి, ఒట్టి భుజాలతో వానలో తడుస్తూ పాకల వైపు నడిచారు. ఊళ్ళో మగ్గాలన్నీ పోయి, పసిపిల్లలకి చుట్టడానికి గుడ్డ లేని రోజులు. ఆ వానలో మంచి శాలువాని రాయి మీద వదిలి ఎవరూ రారు. దుర్మరణం పాలైనవాడి శవాన్ని మోసినవాళ్ళు తప్ప.

విసాలీ మోతకి వాళ్ళతో కలిసే వెళ్ళాడు. వాళ్ళతో తిరిగి రాలేదు.

సాయంత్రం జాసిలీ ఆవిడ పాకకి వచ్చి, నిప్పు దగ్గర కూర్చుని, చాలాసేపు పుల్లలు సర్దాడు.

"విసాలీ ఇంఫాల్ రోడ్డు మీద ఉన్నాడక్కా. సిపాయిలు వదలట్లేదు."

కెవినువో అతని మొహంలోకి చూసింది. అతను పొయ్యిలోకి చూస్తున్నాడు. ఎందుకలా చెప్పాడో ఆవిడకి అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. చావు కబురు నోటితో చెప్పేదాకా మా దగ్గర అది చావు కిందికి రాదు. చెప్పిన మరుక్షణం ఆవిడ చెయ్యి పనికిరాని చెయ్యి అవుతుంది. చేలో మిగిలిన ఆ కాస్త నారు ఊరికి ఉన్న ఒక్క ఆశ.

"సరే. ఒంటి మీద గుడ్డ లేకుండా తిరక్కు, జలుబు చేస్తుంది," అంది.

అంతే. ఆ రాత్రి ఆవిడ ఏడవలేదు. గట్టిగా ఏడిస్తే పక్క పాకలో వినబడుతుంది, వినబడితే ఎందుకని అడుగుతారు. తనకి తెలిసినట్టు జాసిలీకి తెలియదనీ, ఆ నలుగురికీ తనకీ తప్ప ఊళ్ళో ఎవరికీ తెలియదనీ ఆవిడ అనుకుంది. కోతలు అయ్యేదాకా అలాగే ఉంచాలని నిర్ణయించుకుంది. తర్వాత కడుపారా ఏడవొచ్చు.

జూన్ చివర్లో ఊరికి తిరిగి వచ్చేసరికి ఊరు బూడిద. గాదెలు ఖాళీ, పందులు లేవు, కోళ్ళు లేవు. విమానాల నుంచి జారిన గొడుగు గుడ్డలు, తూటాల పెట్టెల రేకులు ఏరుకొచ్చి ఇళ్ళ మీద కప్పుకున్నాం. కింది మళ్ళన్నీ గోతులు. పై చరియలో నారు మాత్రం ఎలాగో బతికింది, ముదిరిపోయినా సరే పీకి నాటారు. సర్కారు బియ్యంతో, వెదురు కొమ్ముల కూరతో రోజులు గడిచాయి.

దూరాన ఉన్న కొడుక్కి తల్లి రోజూ పొద్దున ఒక ముద్ద తీసి పక్కన పెట్టడం మా అలవాటు. చనిపోయిన వాడికైతే పెట్టరు. కెవినువో రోజూ పెట్టింది. సాయంత్రం ఆ ముద్ద తనే తినేది. నిజం చెప్పాలంటే ఆ ముద్ద మింగడమే ఆవిడకి అన్నిటికంటే కష్టమైంది.

పక్కింటి రూనువో, చిన్నప్పటి స్నేహితురాలు, ఒక కాలు కుంటి, నోరు మాత్రం చక్కగా నడుస్తుంది. ఆవిడ రోజూ గుమ్మంలో నిలబడి విసాలీ ఊసు ఎత్తేది. "నీ కొడుక్కి సిపాయిల డబ్బా మాంసం రుచి మరిగిందే. నువ్వు వండే గంజి కోసం వాడెందుకొస్తాడు?" అనేది. కెవినువో నవ్వాలి కాబట్టి నవ్వేది. మనసులో మాత్రం ఆ కుంటిదాన్ని కొండ మీంచి తోసెయ్యాలనిపించేది.

అక్టోబరు వచ్చింది. పై చరియలో వరి పండి పసుపు రంగుకి తిరిగింది. కోత దగ్గరపడే కొద్దీ ఆవిడకి ఇంకో భయం పట్టుకుంది. ఈ చెయ్యి నిజంగానే చెడ్డదైతే? మూడొందల నోళ్ళు తినే గింజ తన వల్ల పురుగు పడితే? ఊరిని బతికించడానికే దాచానని తనకి తాను చెప్పుకుంది. అయినా పదకొండేళ్ళుగా తప్పు చేసిన వాళ్ళని తిట్టిన నోరది, తనని కూడా తిట్టకుండా ఊరుకోలేదు. కోతకి ముందురోజు పొద్దున జాసిలీ దగ్గరికి వెళ్ళింది. అతను గుమ్మంలో కూర్చుని కొడవలి నూరుతున్నాడు.

"తమ్ముడూ, నా చెయ్యి సంగతి ఒకటి చెప్పాలి," అంది.

జాసిలీ తలెత్తలేదు. "చెయ్యికేమైంది? వణుకుతోందా?"

"వణకట్లేదు."

"అయితే చాలు. మిగతాది కోతలయ్యాక చెప్పుకుందాం. రేపు పొద్దెక్కకుండా బయల్దేరు."

మర్నాడు మంచు ఇంకా విడవకముందే ఆవిడ ఒక్కతే పై మడిలోకి దిగింది. మొదటి గుప్పెడు వెన్నులు పట్టుకుంది. నన్ను ఏం చేసినా సరే, ఈ గింజని ఏమీ చెయ్యకు అని ఎవరికి చెప్పుకోవాలో వాళ్ళకి చెప్పుకుని కోసింది.

ఆ తర్వాత ఊరు పొలం మీద పడింది. ఎప్పుడూ పన్నెండు రోజుల పని. పంట సగమే అయినా ఆరేడు రోజులు పట్టాలి, ఎందుకంటే మావాళ్ళు కోసేదానికంటే పాడుకునేది, బియ్యం కల్లు తాగేది ఎక్కువ. ఆ ఏడు ఎవరూ పాడలేదు. కల్లు కుండ ఎత్తినవాళ్ళు లేరు. తరతరాలుగా పలకరింపులు లేని రెండు వంశాల వాళ్ళు ఒకే మడిలో వంగి కోశారు. కుంటి రూనువో గట్టు మీద కూర్చుని, జరుగుతూ జరుగుతూ చేతికందినంత కోసింది. ఆకలి మనిషి చేత ఎంత పని చేయిస్తుందో అనుకుంది కెవినువో. మూడో రోజు మధ్యాహ్నానికి ఆఖరి మడి ఖాళీ అయింది. చివరి కట్ట ఎత్తి తట్టలో పెట్టారు.

ఎవరూ ఇళ్ళకి కదల్లేదు. కొడవళ్ళు పట్టుకుని ఎక్కడి వాళ్ళక్కడ నిలబడ్డారు. కెవినువో వరి కొయ్యకాళ్ళ మధ్య నడుచుకుంటూ జాసిలీ దగ్గరికి వెళ్ళింది. ఐదు నెలలు నోట్లో పట్టి ఉంచిన మాట బయటికి తీసింది.

"జాసిలీ, నా కొడుకు చచ్చిపోయాడు."

"అవునక్కా," అన్నాడతను. "జైలు గుట్ట కింద, సిపాయిని మోసుకొస్తుంటే. మేం నలుగురం పూడ్చాం."

"నాకు తెలుసు. వాగు దగ్గర మీ శాలువాలు చూశాను. తెలిసే కోశాను. ఊరికి ఏ చెరుపు వచ్చినా ఆ పాపం నాది."

"ఊరికి కూడా తెలుసక్కా. మేమొచ్చిన సాయంత్రమే తెలుసు."

ఆవిడ చుట్టూ చూసింది. మొదట చూపు దించుకున్నది రూనువో.

"అందరికీనా?"

"పసివాళ్ళకి తప్ప అందరికీ."

కెవినువో ఖాళీ అయిన మడుల వైపు చూసింది. "మరి మూడు రోజుల్లో ఎలా కోశారు?" అని అడిగింది.

జాసిలీ చేతిలో కొడవలి కింద పెట్టాడు. "నువ్వు ఏడవాలి కదక్కా," అన్నాడు. "ఇంకా ఎన్నాళ్ళు ఆగుతావు?"

రూనువో కుంటుకుంటూ వచ్చి ఆవిడ భుజం మీద చెయ్యి వేసింది. కెవినువో కోసిన మడిలో కూలబడి, కొడుకుని పేరు పెట్టి పిలిచి ఏడ్చింది. ఊరంతా ఆవిడతో కలిసి ఏడ్చింది.