మా అమ్మ అమ్మవారైన వేసవి

ఎండాకాలం వచ్చిందంటే నూజివీడులో మా మందుల షాపులోకి కూడా మామిడికాయల సొన వాసన వచ్చేస్తుంది. బయట రోడ్డు మీద కాయల ట్రాక్టర్లు ఒకదాని వెనక ఒకటి వెళ్తుంటే లోపల దగ్గుమందుల వాసనా ఫినాయిలు వాసనా దాని ముందు నిలవవు. మొన్న అలాంటి మధ్యాహ్నం పూట చినబాబు కారు దిగి వచ్చాడు. విస్సన్నపేట రోడ్డులో తోటలున్న ఇంటివాడు. నా చిన్నతనమంతా మా అమ్మ కూలికి వెళ్ళింది ఆ తోటలోకే. డాక్టరు చీటీ నా ముందు పడేసి, “మా పాపకి చికెన్‌పాక్స్ తగులుకుంది. ఆ దరిద్రం తొందరగా వదిలేట్టు చూసి ఇవ్వు” అన్నాడు. వినగానే నా తొడ చురుక్కుమంది. ఆ వ్యాధిని పట్టుకుని దరిద్రం అంటే వాళ్ళమ్మ తొడపాశం పెట్టి చర్మం కమిలిపోయేదాకా వదిలేది కాదు.

వాళ్ళమ్మ పేరు రాజ్యలక్ష్మమ్మ. చివర గారు పెట్టలేదు. మర్చిపోయి కాదు, కావాలనే.

ఆ ఇంట్లో మాటకి మడి ఉండేది. దీపం ఆరిపోయింది అనకూడదు, కొండెక్కింది అనాలి. డబ్బాలో బియ్యం అయిపోతే నిండుకున్నాయి అనాలి, గాజు చిట్లితే పెరిగింది అనాలి, ప్రసాదం తిన్నాను అనకుండా పుచ్చుకున్నాను అనాలి. తోట గట్టు మీద వేపచెట్టు కింద పసుపు పూసిన రాయొకటి ఉండేది, ఆ రాయి పొద్దున్నే లేచేవారు, స్నానం చేసేవారు, చద్దన్నం ఆరగించేవారు, మధ్యాహ్నం పూట విశ్రమించేవారు. సంక్రాంతి దాటాక తోట నిండా పూత విచ్చుకుని, తేనెటీగల రొదా ఆ మత్తు వాసనా ఊళ్ళోదాకా వస్తుంటే, పూత బాగుంది అనేవాళ్ళు కాదు, అమ్మవారు చల్లగా చూశారు అనేవాళ్ళు. కాయకోత మొదలెట్టే రోజున కాయలు దింపే చిక్కం కర్ర పట్టిన ప్రతివాడూ చెట్టు మొదట్లో చెంబుడు నీళ్ళు పోసి “కాలు పెడుతున్నాం తల్లీ, కోప్పడకు” అనాల్సిందే. అననివాణ్ణి ఆవిడ చెట్టెక్కనిచ్చేది కాదు.

కూలివాళ్ళ పిల్లలం మేం ఆ తోటలోనే పెరిగాం. గాలికి రాలిన పిందెల్ని రాతి మీద చితక్కొట్టి ఉప్పూకారం అద్దుకుని తినడం, సొన తగిలి మూతులు పొక్కితే అమ్మల చేత తిట్లు తినడం, టెంకలో జీడిని రాయి మీద అరగదీసి బూర చేసుకుని చెవులు చిల్లులు పడేట్టు ఊదడం, ఇవే మా సెలవులు. శ్రీరామనవమికి ఆవిడ మమ్మల్ని పందిట్లో వరసగా కూర్చోబెట్టి వడపప్పు పెట్టించి, పానకం పోయించేది. పానకంలో మిరియాల ఘాటుకి ముక్కులు కారుతుంటే ఒక్కొక్కరి చేతా ఆ మాటలన్నీ వల్లె వేయించేది. “దేవుడి దగ్గర అరటిపండు తిన్నానండి” అన్నందుకు నాకు పడిన తొడపాశం మచ్చ వారం రోజులు పోలేదు. అయినా ఆ మాటలు నాకు ముద్దుగా ఉండేవి, ఇంటికొచ్చి మా గుడ్డిదీపం ఆరినా కొండెక్కింది అనేదాన్ని.

ఆ నోటితోనే ఆవిడ మా అమ్మని ఒసే అనేది. మా అమ్మకి మాణిక్యం అనే పేరుందని ఆ ఇంట్లో ఎవరికైనా తెలుసో లేదో. “ఎక్కడ చచ్చిందే అది? దాన్ని గొడ్లసావిడి వైపు నించి రమ్మను” అని అరుగు మీద నించి కేక వేసేది. గట్టు మీద రాయి విశ్రమించేవారు, మా అమ్మ చచ్చేది. ఒకరోజు అమ్మ నా తల దువ్వుతుంటే అడిగాను, రాయిని మీరంటారు, నిన్ను ఒసే అంటారేం అని. అమ్మ దువ్వెన ఆపి, “నోర్ముయ్. తోటలో పని పోతే ఏం తింటాం?” అంది.

నేను ఐదో క్లాసు చదివే ఎండాకాలం, కోతలు మొదలైన వారానికి, అమ్మకి ఒళ్ళంతా పొక్కులు లేచాయి. తోట చివర పాకలో వేపమండలు పరిచి పడుకోబెట్టి, గుమ్మానికి వేపరొట్ట కట్టి, మా నాన్న వెళ్ళి పెద్దింట్లో చెప్పాడు. ఆ సాయంత్రం రాజ్యలక్ష్మమ్మ తలస్నానం చేసి, తడి జుట్టు ముడేసుకుని, చెప్పుల్లేకుండా మా పాకకి వచ్చింది. ఆ ఇంటి నియమం అట్లాంటిది మరి. అమ్మవారు పోసిన మనిషి మనిషి కాదు, అమ్మవారే. పేరు పెట్టి పిలవకూడదు, విసుక్కోకూడదు, కోరింది కాదనకూడదు. కాదంటే అమ్మవారు అక్కణ్ణించి లేచి పెద్దింటికే వస్తారని ఆవిడ భయం. ఇంట్లో ఒక్కగానొక్క కొడుకు, నా ఈడువాడు, చినబాబు.

మా గుమ్మం ముందు మట్టిలో కూర్చుంది. మా అమ్మ పాదాలకి తన చేతుల్తో పసుపు రాసింది. “తల్లీ, శాంతించండి. ఏం కావాలో సెలవివ్వండి” అంది. మా అమ్మని ఒకళ్ళు అండి అనడం నేను వినడం అదే మొదలు. అమ్మ కళ్ళు మూసుకునే ఉంది.

రోజూ వచ్చేది. ఒకరోజు చల్లటి అంబలి, ఒకరోజు కొబ్బరినీళ్ళు, ఒకరోజు పెరుగన్నం. వెనకాలే చినబాబు చేతులు కట్టుకుని నిలబడేవాడు. నాలుగైదు రోజులు గడిచాక ఆవిడ మళ్ళీ సెలవివ్వమని అడిగితే, అమ్మ కళ్ళు తెరిచి నేరుగా ఆవిడ మొహంలోకి చూసి, “మీ పెరట్లో చిన్నరసం చెట్టు కాయలు తే” అంది. ఆ చెట్టు కింద రాలిన కాయ కూడా మేం ముట్టుకోకూడదు, నైవేద్యానికీ వియ్యాలవారికీ తప్ప దాని కాయ గడప దాటదు. “వేడి కదా తల్లీ” అని ఆవిడ నసిగింది. “నాకు కాదు. నా బిడ్డకి. నీ చేత్తో పెట్టు” అంది అమ్మ.

మర్నాడు గడ్డిలో మాగేసిన పండ్లు బుట్టనిండా వచ్చాయి. రాజ్యలక్ష్మమ్మ ఒక పండు తీసి, రెండు అరచేతుల మధ్య మెత్తగా పిసికి, తొడిమ తీసి, మొదటి చుక్క పిండేసి, నా నోటికి అందించింది. చినబాబు చెయ్యి చాచాడు. ఆవిడ వాడి చేతి మీద ఒక్కటిచ్చి, “ముందు అమ్మవారి బిడ్డ” అంది. నేను వాణ్ణే చూస్తూ తిన్నాను. రసం మోచేతుల దాకా కారింది, తుడుచుకోలేదు. ఆ తీపి ఆ తర్వాత ఏ పండులోనూ నాకు దొరకలేదు, అది పండు తీపి ఒక్కటే కాదని ఇప్పుడు తెలుసు.

పొక్కులు మాడాయి. వేపాకు, పసుపు వేసి కాచిన నీళ్ళు తలమీంచి పోశారు. అమ్మవారు వెళ్ళిపోయారు. మర్నాడు పొద్దున్నే అమ్మ వెనకాల నేనూ తోటకి వెళ్ళాను. రాజ్యలక్ష్మమ్మ అరుగు మీద నించి, “ఏమే, పడుకుంది చాలదా? అట్లా దిష్టిబొమ్మలా నిలబడక ఆ గడ్డి పరవ్వే” అంది. అదే నోరు, అవే చేతులు. అమ్మ ఒక్కమాటంటుందని నేను ఎదురుచూశాను. అమ్మ వంగి గడ్డి పరిచింది. ఆ పూట నేను దేవుణ్ణి క్షమించలేదు, ఆ ఇంటిని ఇవాళ్టికీ క్షమించలేదు.

అమ్మా నాన్నా పోయారు, ఆవిడా పోయింది. ఆ పాక ముందు జరిగింది చూసినవాళ్ళలో మిగిలింది నేనూ చినబాబూ. మొన్న నేను మాత్రలు తీస్తుంటే వాడు కౌంటరు మీద మోచేతులానించి నవ్వాడు. “మా అమ్మ చాదస్తం గుర్తుందా? చికెన్‌పాక్స్ వస్తే దేవతంట. మీ అమ్మకి కూడా దండాలు పెట్టింది. పిచ్చి కాకపోతే ఏంటి?”

షాపులో జనం ఉన్నారు. తోటల మేస్త్రి ఒకాయన, ఇద్దరు కూలి ఆడవాళ్ళు, కాలేజీ పిల్లలు. నేను మాత్రలు అక్కడే పెట్టి గొంతు పెంచాను. “పిచ్చో భక్తో నాకనవసరం, చినబాబూ. మీ అమ్మ మట్టిలో కూర్చుని మాణిక్యమ్మగారి కాళ్ళకి పసుపు రాసింది. మీ చేతి మీద కొట్టి నా నోట్లో పండు పెట్టింది. మీరు చూశారు, నేను చూశాను. జరగలేదని ఇక్కడ అందరి ముందూ చెప్పండి.” మొదలు నించి చివరిదాకా అంతా చెప్పాను, ఒక్క ముక్క వదల్లేదు. వాడి మొహం కందగడ్డయింది. “సర్లెండి, మందివ్వండి” అని గొణిగి, మందులు తీసుకుని, చిల్లర కోసం ఆగకుండానే కారెక్కాడు. పాపకి జాగ్రత్తలన్నీ చీటీ మీద రాసే ఇచ్చాను, పసిదానితో నాకేం పగ లేదు.

ఇప్పుడు దీపం కొండెక్కదు, ఆఫ్ అవుతుంది. దర్శనం చేసుకోరు, కొట్టేస్తారు. గట్టు మీది అమ్మవారిని డ్రిప్పు పైపుల కోసం జేసీబీతో పక్కకి నెట్టించారట, ఎవరూ చెంపలేసుకోలేదట. కూలిమనిషికి పొక్కులు లేస్తే మాత్రలు మింగుతుంది, మూడోరోజు మేస్త్రి ఫోన్ చేసి ఎప్పుడొస్తావే అంటాడు. పోయిన మాటలన్నీ దేవుళ్ళవే, ఒసే మాత్రం ఎక్కడికీ పోలేదు.

మా అమ్మని ఈ లోకం మీరు అన్నది ఆ కాసిని రోజులే. దాన్నీ పిచ్చి అని కొట్టిపారేసి, వెనక్కి తీసుకుపోదామని వచ్చాడు చినబాబు. నేను ఇవ్వలేదు.