కొక్కెరకు కొక్కెర

మా చెరువు మీద లక్ష కొక్కెరలు వాలేవని నేను చాలామందికి చెప్పాను. దేవరుప్పుల బస్సులో పక్క సీటువాళ్లకు, జనగామ స్టేషన్లో చాయ్ తాగేవాళ్లకు, ఒకసారి మా ఊరికి పిల్లను చూడవచ్చిన వాళ్లకు కూడా. లక్ష ఎక్కడివి! పని లేక ఒకరోజు కట్ట మీద కూర్చుని గూళ్లు లెక్కపెడితే యాభై దాటి ఇంకొన్ని తేలాయి. అవి నన్ను గుర్తుపడతాయని కూడా చెప్పుకున్నాను. అదీ అబద్ధమే. నేను దగ్గరికి పోతే లేచిపోయేవి, అందరికీ లేచినట్టే.

కొక్కెర అంటే పెద్ద కొంగ. పసుపుపచ్చ ముక్కు, తోక దగ్గర పూసినట్టు గులాబీ ఈకలు. చలి తగ్గే రోజుల్లో చెరువు నడుమ తుమ్మచెట్ల మీద పిల్లల్ని పొదిగేది. పెద్ద పక్షికి గొంతు లేదు, ముక్కు టకటకలాడించడమే దాని మాట. పిల్లలకు మాత్రం గొంతు ఉంటుంది. తిండికోసం అవి చేసే గోల కట్ట దాటి మా ఇళ్లదాకా వచ్చేది.

కోళ్లకు వచ్చే ఒక రోగాన్ని కూడా మేము కొక్కెరే అంటాం. మెడ మెలితిరిగి, పచ్చగా విరేచనాలు పారి పారి చస్తాయి. పక్షికీ రోగానికీ ఒకే పేరు ఎందుకొచ్చిందని అడిగినవాళ్లకు నేను తలా ఒక కథ చెప్పాను. నాకు తెలియదు, అంతే.

మా అక్క నాకంటే ఆరేళ్లు పెద్ద. పక్క ఇల్లే. బావ పోయాక పదకొండు నాటుకోళ్లతో మాట్లాడుకుంటూ బతికేది. రెండేళ్ల కింద మాఘమాసంలో ఒక పొద్దున గంప ఎత్తితే నాలుగు చచ్చి ఉన్నాయి. మధ్యాహ్నానికి ఇంకో మూడు. నన్ను కేకేసింది. వయసులో ఉన్నప్పుడు పశువుల డాక్టరు దగ్గర పనిచేశాననీ, సగం డాక్టరుననీ ఊరంతా నమ్ముతుంది. నమ్మించింది నేనే. నేను చేసింది టీకాల ఐసుడబ్బా మోయడం. అదీ రెండు ఎండాకాలాలు.

“ఏందిర తమ్మీ గిది? నిన్న మాపుకు సుత గింజలు తిన్నయ్.”

“కొక్కెర అక్కా. పరేషాన్ గాకు. ఎల్లిపాయ, పసుపు నూరి మిగిలినయాటికి పెట్టు.”

“మెడలు తిరగలే గదా మరి? నెత్తి మీద పువ్వు సూడు, నీలమయింది.”

“డాక్టర్వు నువ్వా, నేనా?”

నీలం నేనూ చూశాను. ఐసుడబ్బా మోసిన రోజుల్లో అలాంటిది ఎన్నడూ చూడలేదు. కానీ తెలియదు అనే మాట నా నోట రాదు.

“గుంత తీసి బొందవెట్టు, మీద సున్నం ఎయ్యి,” అంది అక్క. చచ్చినవాటిని బస్తాలో వేసుకుని పోయాను. పార పట్టుకుని వంగితే నడుము పట్టేసింది. మా దగ్గర ఎప్పటినుంచో అందరూ చేసే పనే చేశాను. చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే మత్తడి పక్కన, నీళ్లలో మొలిచిన జమ్ములోకి విసిరేశాను. నక్కలు తింటాయి, తెల్లారేసరికి ఈక కూడా మిగలదు. ఇంటికొచ్చి, ఏడడుగుల గుంత తీసి పూడ్చానని చెప్పాను.

“ఏడడుగులా? మనిషికి గూడ గంత తియ్యర్ర,” అని అక్క మురిసిపోయింది. తన కోళ్లకు జరిగిన మర్యాదకు.

వారం గడిచిందో లేదో, కట్ట కింద ఒక కొక్కెర నీళ్లలో కూర్చుని కనిపించింది. కొక్కెర నీళ్లలో నిలబడుతుంది, కూర్చోదు. తల ఒక పక్కకు వాలుతోంది, లేపుతోంది, మళ్లీ వాలుతోంది. నేను పోతే లేవలేదు. జీవితంలో మొదటిసారి ఒక కొక్కెర నన్ను దగ్గరికి రానిచ్చింది. కంటి మీద పాలు పోసినట్టు తెల్లటి పొర. నేనెవరో దానికి కనిపించనే లేదు. అవతల రెండు బాతులు ఉన్నచోటనే గుండ్రంగా తిరుగుతున్నాయి, ఒక రెక్క విరిగినట్టు.

ఆ ముచ్చట చాయ్ హోటల్లో చెప్పి, “కొక్కెరకు కొక్కెరొచ్చిందిరా బయ్!” అన్నాను. అందరూ నవ్వారు. మాట కుదిరిందని నేనూ నవ్వాను. మరునాడు తొమ్మిది పక్షులు చచ్చి తేలాయి. అప్పుడు పశువుల దవాఖానకు ఫోను చేశాను.

“సార్, మా చెరువుల కొక్కెర సస్తున్నది.”

“కొక్కెరనా? టీకాలు వేయించలేదా తాతా?”

“కొక్కెరకు టీకా ఏంది సార్?”

“కొక్కెరకే కదా టీకా ఉన్నది! కోళ్లను పొద్దున్నే పట్టుకురా.”

“కోళ్లు గాదు సార్, కొక్కెర!”

“అదే తాతా!” అని ఫోను పెట్టేశాడు.

కొంగ అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆ మాట నాకు తోచలేదు. మూడు రోజులు అట్లా పోయాయి. చివరికి పంచాయతీ వాళ్లు ఫొటోలు పంపితే తెల్ల సూట్లు, ముసుగులు వేసుకుని ఐదుగురు వచ్చారు. చచ్చిన పక్షుల్ని సంచుల్లో కట్టారు. అందులో ఒక పెద్దసారు మా అరుగు ముందు నిలబడ్డాడు.

“ఈ మధ్య కోళ్లు ఏమైనా చచ్చాయా? ఎక్కడ పడేశారు?”

అక్క నా వైపు గర్వంగా చూసింది.

“మా తమ్ముడు ఏడడుగుల గుంతల పెట్టిండు సారూ.”

నేను తల ఊపాను. సున్నం కూడా వేశానన్నాను. సారు రాసుకున్నాడు. మత్తడి దిక్కు ఎవరూ పోలేదు. కొక్కెరలు చేపల కోసం దిగేది అక్కడే.

తరువాత కబురొచ్చింది, బర్డ్ ఫ్లూ అని. అక్కకు మిగిలిన నాలుగు కోళ్లనూ పట్టుకుపోయి చంపారు. ఆమె ఏడవలేదు. ఖాళీ గంప బోర్లించి దానిమీద కూర్చుంది.

చెట్ల మీద పిల్లలు ఇంకా అరుస్తూనే ఉన్నాయి. తల్లులు వచ్చే దిక్కుకు మెడలు చాచి అరిచేవి. రోజురోజుకూ గొంతులు తగ్గాయి. కొన్ని నీళ్లలో పడ్డాయి. నాలుగు రోజులు ఒక్క గొంతే వినబడింది. అయిదోనాడు అదీ లేదు. తుమ్మచెట్లలో గాలి ఒక్కటే ఆడింది.

ఎండాకాలంలో జనగామ పోయి ఆ పెద్దసారు ఆఫీసులో నిజం చెప్పాను. కుర్చీలో వేరే సారు ఉన్నాడు. అంతా విని, “కోళ్ల నుంచి పక్షులకు వచ్చిందో, పక్షుల నుంచి కోళ్లకు వచ్చిందో ఇప్పుడెట్లా తెలుస్తది తాతా? ఇంటికి పో,” అన్నాడు. మంచివాడే. ఆ మాట పట్టుకుని బతకాలని చాలా చూశాను. కళ్లు మూస్తే జమ్ములో బస్తా విప్పుతున్న నా చేతులే కనబడతాయి.

పోయిన సంవత్సరం ఒక్కటి కూడా రాలేదు. ఈ మాఘంలో ఒక జంట వచ్చింది. తుమ్మచెట్టు మీద వాలి, పాత పుల్లల్ని ముక్కుతో కదిలించి చూస్తున్నాయి. నేను కదలకుండా కట్ట మీద నిలబడ్డాను. వెనక నుంచి అక్క వచ్చింది, చేతిలో రాయి.

“రోగం తెచ్చి నా కోళ్లను మింగిన ముండలు! మల్లొచ్చినయ్.”

చెయ్యి పట్టుకున్నాను. “అక్కా, ఆటి తప్పు గాదు. గుంత తియ్యలే నేను. జమ్ముల ఇసిరేసిన. సారుకు సుత అబద్ధం చెప్పిన. గిదంత నాతోనే అయింది.”

అక్క నా మొహంలోకి చూసింది. నోట్లో పళ్లు లేని నవ్వు నవ్వింది.

“ఇన్ని పక్షులను నువ్వొక్కనివే సంపినవా? నీ కోతలు పాడుగాను! తప్పు సుత పెద్దగ జేసి చెప్పుకోకపోతే నిద్ర పట్టదార నీకు?”

చెయ్యి విడిపించుకుని విసిరింది. ముసలి చెయ్యి, రాయి చెట్టుదాకా పోలేదు, నీళ్లలో పడింది. ఆ చప్పుడుకే రెండూ లేచాయి. పెద్దవంగర దిక్కుకు పోయాయి. సాయంత్రందాకా కూర్చున్నాను, తిరిగి రాలేదు.