ఆపా పట్టిన నాలుగు ముక్కలు

నా చిన్నప్పుడు ఒక శుక్రవారం, సాయంత్రం నాలుగుంబావుకు, మా అమ్మ ప్రాణం నాలుగు పేకముక్కల దగ్గర చిక్కుకున్నది. ఎక్కువ చేసి చెప్తలేను.

అప్పుడు మేము దోహాకు దూరంగ, ఎడారిల ఉన్న దుఖాన్‌లో, కంపెనీ క్వార్టర్స్‌లో ఉండేటోళ్ళం. నాయిన చమురు బావుల దగ్గర డ్యూటీలో ఉన్నడు. అమ్మకు నొప్పులొస్తే నర్సు చూసి, బిడ్డ అడ్డం తిరిగింది, దోహా పెద్దాసుపత్రికి తీసుకపొండి అన్నది. అంబులెన్సు అప్పటికే వేరే మనిషిని ఎక్కించుకొని పోయింది. ఇగ మిగిలింది ఎదురింటి కడప మామ. ఆఫీసరు కారు నడిపేటోడు. నేను ఉరికితే, అరుగు మీద ముక్కలు పరుచుకొని రాయిలెక్క కూర్చున్నడు.

వెనకట అమెరికాల ఎవడో తుపాకీ మొనగాడు తలుపుకు వీపు పెట్టి పేకాడుతుంటే వెనకనుంచి కాల్చిండ్రట. చచ్చినా వాని చేతిల ఉన్న ఐదు ముక్కలల్ల రెండు నల్ల ఆసులు, రెండు నల్ల ఎనిమిదులు అట్లనే ఉన్నయట. ఈ కథ మామకు రిగ్గు మీది అమెరికా ఫోర్‌మన్ చెప్పిండు, మామ మా వాడకంత చెప్పిండు. ఆ రోజు ఒక్కడే పంచుకొని ఆడుకుంటుంటే మామకు అవే నాలుగు పడ్డయి. అవి పడితే ఎవరికో సావే అని మామ నమ్మకం.

"నేను స్టీరింగ్ పట్టుకుంటే మీయమ్మను నేనే సంపినట్లు పాపా. నా వల్ల కాదు."

అమ్మ అరుపు అక్కడిదాక వినబడుతుంది. పక్కింటి నిజామాబాద్ అక్క, మేమంత ఆపా అనేటోళ్ళం, బయటికొచ్చింది. వాళ్ళింట్లో పేక హరాం. గాలికి ఒక ముక్క వాకిట్ల పడితే చీపురుతోనే నూకేది, చెయ్యి పెట్టేది కాదు.

"ఆ చచ్చినోని చేతిల ఐదో పత్తా ఏంది భాయ్?"

"అది ఎవరికీ తెలీదు ఆపా. ఒక్కొక్కడు ఒక్కోటి చెప్తాడు."

"సగం కథకు పూరా భయమా!" అని, వంగి ఆ నాలుగు ముక్కలు ఏరుకున్నది. "ఇప్పుడు నా చేతిలున్నయి. వచ్చేదేదో నా దగ్గరికే వస్తది. బండి తియ్యి. యల్లా!"

తియ్యక ఏం చేస్తడు?

ఆ తోవ నాకు ఇప్పటికీ కలలెక్కనే ఉంటది. దుమ్ములో సూర్యుడు పాలల్ల పసుపు కలిపినట్టున్నడు. బావుల మంటలు ఇసుక మీద కాదు, ఆకాశంల వేలాడుతున్నయి. కారు నేలకు ఆనుతుందో లేదో తెలుస్తలేదు. అమ్మ తల ఆపా ఒళ్ళో. ఆపా పెదవులు కదులుతున్నయి. ముక్కలు చేతిల నలిగేటట్టు పట్టుకొని కండ్లు గట్టిగ మూసుకున్నది. మామ వెనక్కి తిరగలే గనక చూడలే. నేను చూసిన.

అమ్మను లోపలికి తీసుకపోయినంక అడిగిన, భయమైందా ఆపా అని.

"మస్తు. మామకు చెప్పకు."

అమ్మ, బిడ్డ ఇద్దరూ బతికిండ్రు. నేను అక్షరాలు యాభై ఏండ్లు దాటినంక నేర్చిన. ధైర్యం అంటే ఏందో ఆ కారులోనే నేర్చిన. ఇప్పుడు దోహాల, మదీనత్ ఖలీఫాలో, నా కూతురింట్లో, ఎవరు దేనికి భయపడ్డా అదంతా ఉత్తదే అనను. నాకు భయం ఉన్నా సరే, ఆ భయం కొంచెంసేపు ఇటియ్యి, నేను పట్టుకుంట అంట.

ఆ రోజు కారులో ఉన్నోళ్ళం: కడప మామ, నిజామాబాద్ ఆపా, మా అమ్మ, నేను, అప్పటికింకా పేరు లేని నా తమ్ముడు.