ఫోన్లోంచి వచ్చిన ఎండుచేప వాసన

దెయ్యాలు, గాలి సోకడాలు, చేతబడులు అంటూ ఎవరైనా మొదలుపెడితే మొహం మీదే నవ్వేసే మనిషిని నేను. బందరులో పుట్టాను, బందరులోనే కాపురం చేస్తున్నాను. సముద్రం మీదికి వెళ్ళేవాళ్ళ ఇళ్ళల్లో ఇలాంటి కథలకి కొదవుండదు. ఒక్కటీ నమ్మలేదు. ఇప్పుడు చెప్పబోయేదాంట్లో కూడా దెయ్యం లేదు లెండి. ఎండుచేప వాసన ఉంది. నవ్వండి, పర్లేదు. మొదట్లో నేనూ నవ్వాను.

మాది ఎండుచేపల వ్యాపారం. మా అత్తయ్య ముప్పై ఏళ్ళపాటు గంప నెత్తిన పెట్టుకుని బందరు దగ్గరి గూడూరు చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగి అమ్మింది. దానికో పద్ధతి ఉంది. గంప దించగానే ఒక చేప తీసి, తోక దగ్గర పుటుక్కున విరిచి, కొనేవాళ్ళ ముక్కు దగ్గర పెట్టాలి. "వాసన చూడమ్మా, నచ్చితేనే తీసుకో" అనాలి. బేరం ఆ తర్వాతే. వాసన చూపించకుండా అమ్మితే అత్తయ్య దృష్టిలో అది మోసమే.

అలాంటి మనిషి పోయినేడాది ఉన్నట్టుండి గంప పక్కన పెట్టేసింది. జ్వరం వచ్చి తగ్గాక, మోకాళ్ళు పట్టేశాయంది. మంచం మీద గోడవైపు తిరిగి పడుకోవడమే. వీధి వీధంతా ఒకవైపున్నా తనొక్కతే గెలిచే నోరు ఆవిడది. ఆ నోరు మూగబోయింది. తిండి సగమైపోయింది. మా ఆయన ఆటో నడుపుతాడు. "అమ్మే మానేశాక ఇంకెందుకు, సరుకు వదిలించేద్దాం" అన్నాడు. నాకు మాత్రం ఆ వ్యాపారం పోతే ఈ మనిషి కూడా మనకి దక్కదు అనిపించింది.

అందుకని రెండు నెలలు గడువడిగి ఆన్‌లైన్‌లో పడ్డాను. "బందరు అత్తాకోడళ్ళ ఎండుచేపలు" అని పేజీ పెట్టాను. మ్యాప్‌లో మా ఇంటి గుర్తు పెట్టాను. వేలెడంత నెత్తళ్ళ చేపల్ని పళ్ళెంలో ముగ్గులా పేర్చి, పక్కన నిమ్మకాయ పెట్టి ఫోటోలు తీశాను. రోలు మీద ఫోన్ నిలబెట్టి "హాయ్ ఫ్రెండ్స్" అన్నాను. నా గొంతు నాకే బస్టాండులో మైకులా వినిపించింది. మొదటి రీల్ నలుగురు చూశారు. అందులో ముగ్గురం నేనూ, మా ఆయనా, మళ్ళీ నేనూ. ధర అడిగేవాళ్ళు అడుగుతారు, చెప్పగానే మాయం. రోజూ నాలుగింటికి లైవ్ పెట్టడం మొదలుపెట్టాక ఒక పది మంది రావడం అలవాటైంది, కొనడం మాత్రం లేదు.

"వాసన చూడకుండా ఎండుచేప కొనే వెర్రిమాలోకం ఎవరే?" అని మంచం మీంచే అత్తయ్య.

గడువింకా వారం ఉందనగా ఒక రోజు లైవ్‌లో వంజరం చేప గురించి చెప్పబోయి నేను తడబడ్డాను. చూసేవాళ్ళు పదకొండు మంది. అత్తయ్య ఓర్చుకోలేకపోయింది. మంచం దిగి విసవిసా వచ్చి, నా చేతిలో వంజరం లాక్కుని, పుటుక్కున విరిచి తిన్నగా ఫోన్‌కి ఆనించేసింది. "వాసన చూడండమ్మా, నచ్చితేనే తీసుకోండి!" కెమెరా అంతా జిడ్డు. నేను పగలబడి నవ్వుతున్నాను. ఇంతలో కామెంట్లు.

"అబ్బ! ఏం వాసనండీ!"

"నిజంగానే వస్తోంది పెద్దమ్మా."

ఆట పట్టిస్తున్నారనుకున్నాను. గంట తర్వాత ముదినేపల్లి నుంచి ఒక టీచరుగారు ఫోన్ చేశారు. ఆవిడ వంటింట్లో మా లైవ్ చూస్తుంటే, హాల్లో పేపర్ చదువుకుంటున్న వాళ్ళాయన "ఎండుచేపలెప్పుడు తెచ్చావ్?" అని అడిగాడట. ఇంట్లో ఒక్క ముక్క కూడా లేదట. "నాకేం అర్థం కాలేదండీ, ముందైతే ఒక కేజీ పంపండి" అన్నారు. పక్కింట్లో వండుతున్నారేమోలే అనుకుని ఊరుకున్నాను.

ఆ మర్నాడు మళ్ళీ అత్తయ్యనే కూర్చోబెట్టాను. ముప్పై మంది దాకా వచ్చారు. ఆవిడ ఒక చేప తీసి ముక్కు దగ్గర పెట్టుకుని, బావుందని తలూపి విరిచింది. రెండోదీ అలాగే. వెంటనే అవనిగడ్డ నుంచి ఒకాయన రాశాడు: "పెద్దమ్మా, ఏమనుకోకండి, ఆ రెండోది ముక్కిపోయిన వాసన వస్తోంది."

నాకు ఒళ్ళు మండింది. ఫోన్లో వాసన చూసి వంక పెట్టేదెవడ్రా అని ఆ చేప లాక్కుని వాసన చూశాను. నిజమే. లోపల చెమ్మ పట్టింది. పైకి చక్కగా ఉంది.

అత్తయ్య లేచి లోపలికెళ్ళిపోయింది. వెనకే వెళ్ళాను. అప్పుడు చెప్పింది. ఆ జ్వరం తగ్గినప్పటినుంచీ ఆవిడకి వాసనే తెలియడం లేదట. కర్పూరం తెలీదు, కిరసనాయిలు తెలీదు, చేప తెలీదు. మోకాళ్ళు ఒట్టి సాకు.

"వాసన తెలియని దాన్ని ఏ గుమ్మంలో గంప దించనే? చెడ్డ సరుకు అంటగడితే ముప్పై ఏళ్ళ పేరు ఏమవుద్ది?" అని బావురుమంది. నేనూ ఏడ్చేశాను. ఇంత బాధ పెట్టుకుని ఏడాదిపాటు ఒక్కతే గోడతో చెప్పుకుంది పిచ్చి తల్లి.

తీరా చూస్తే, లైవ్ ఆపలేదు. అందరూ విన్నారు. సిగ్గుతో చచ్చిపోతూ ఫోన్ తీసుకుంటే, గుడివాడ నుంచి ఎవరో అమ్మాయి రాసింది: "పెద్దమ్మా, మీరు విరవండి. వాసన మేం చెప్తాం." దాని కింద అదే మాట ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు.

చదివి వినిపించాను. అత్తయ్య కొంగుతో కళ్ళు తుడుచుకుని వచ్చి పీట మీద కూర్చుంది. గంపలో చేపలన్నీ ఒక్కొక్కటే విరిచి చూపించింది. "బావుంది." "బావుంది." "అది వద్దు పెద్దమ్మా." అలా ఏడు పక్కన పెట్టారు. నేను గంప మొత్తం ముక్కుతో చూశాను. చెడ్డవి సరిగ్గా ఆ ఏడే.

తర్వాత ఊరుకుంటానా, పరీక్షలు పెట్టాను. నేను విరిస్తే ఎవరికీ వాసన రాలేదు. అత్తయ్య విరిచింది రికార్డు చేసి పెడితే రాలేదు. లైవ్‌లో, ఆవిడ చేత్తో విరిస్తేనే వస్తుంది. అదీ అందరికీ రాదు. మా ఆయన అసలు నమ్మలేదు. గుడివాడ కిరాయికి వెళ్ళినప్పుడు లైవ్ పెట్టి, సౌండ్ తీసేసి ఫోన్ జేబులో వేసుకున్నాడట, చూడకుండా. పది నిమిషాలకి ఫోన్ చేశాడు. "ఏమే, ఇప్పుడు అమ్మ విరిచింది ఎండు రొయ్యలా?" అవును, రొయ్యలే. ఆ సాయంత్రం ఇంటికి వస్తూ లైవ్‌కి వాడే గుండ్రటి లైటు కొనుక్కొచ్చాడు. సరుకు వదిలించే మాట మళ్ళీ ఎత్తలేదు.

డాక్టరుగారికి చెప్తే, తిని అలవాటున్న వాళ్ళకి చూడగానే వాసన గుర్తొస్తుందమ్మా, అంతే అన్నారు. సరే సార్, మరి ముక్కిపోయింది ఎలా తెలిసింది అన్నాను. ఆయన నవ్వి, వచ్చేటప్పుడు రెండు కేజీలు తెచ్చిపెట్టమన్నారు.

ఇప్పుడు నాగాయలంక నుంచీ, ఎక్కడెక్కడి నుంచో ఆర్డర్లు. అత్తయ్యకి మనుషులు పేర్లతో సహా తెలుసు. "ఏమ్మా, జలుబు తగ్గిందా? ఇవాళ నీ ముక్కు పనిచేస్తోందా?" అని వరసపెట్టి పలకరిస్తుంది. పొద్దున్నే గంజి తాగుతుంది. వీధిలో గొడవలు కూడా మళ్ళీ మొదలయ్యాయి, అది వేరే సంగతి.

మొన్న లైవ్ మంచి జోరు మీదుండగా కామెంట్లన్నీ ఒక్కసారిగా మారిపోయాయి. "పెద్దమ్మా, అన్నం మాడుతోంది!" "పొయ్యి చూడండి!" పరుగెత్తాను. గిన్నె అడుగు నల్లగా అయిపోయింది. గంప పక్కనే కూర్చున్న నాకు ఆ వాసనే తగల్లేదు. అది ఆవిడ విరిచిందీ కాదు, కెమెరాకి చూపించిందీ కాదు. ఎసరు పెట్టింది మాత్రం ఆవిడే.

అందరి ముందూ నన్ను తిట్టిపోసి, ఆనక తనే పొట్ట పట్టుకుని నవ్వింది. "ఇన్ని ముక్కులు నాకుండగా నా ఒక్క ముక్కు పోతే పోయిందిలేవే!"

ఇదెలా జరుగుతోందో నాకు ఇప్పటికీ తెలీదు. దెయ్యాల్ని ఇప్పటికీ నమ్మను. అయినా కొన్ని మధ్యాహ్నాలు ఉండబట్టలేక, అసలు ఆ చేతిలో ఏముంది అత్తయ్యా అని అడుగుతాను. "అది తెలుసుకుని ఏం చేస్తావే? నాలుగవుతోంది, జనం వచ్చేస్తారు, ఫోన్ పెట్టు" అంటుంది.