తైఖానాలో మగ్గం

షంషున్నీసా పెద్దబండపల్లెకు కోడలిగా వచ్చిన మొదటి ఎండాకాలంలోనే ఆ ఇంట్లో మగ్గం ఎందుకు మూలపడుతుందో తెలుసుకుంది. ఆమె పుట్టిల్లు ఆత్మకూరు అవతల, కృష్ణ ఒడ్డున. అక్కడ ఎంత ఎండ కాసినా గాలిలో కాస్తంత తడి మిగిలి ఉండేది. ఇక్కడ మక్తల్ వైపు మెట్టల్లో ఎండలు ముదిరాయంటే గాలి పెనం మీంచి లేచి వచ్చినట్టు ఉండేది. పడుగు దారాలకు పట్టించిన గంజి ఎండిపోయి దారం పెళుసెక్కేది. నాడె ఇటునుంచి అటు పోయేలోగా ఎక్కడో ఒకచోట తెగేది. ఆమె భర్త మక్సూద్ వంగి ఆ దారం ముడివేసి, మళ్ళీ తొక్కుడు పలక మీద కాలు పెట్టేసరికి ఇంకో దారం తెగేది. పొద్దున మొదలుపెట్టిన చీర పొద్దుగూకేసరికి జానెడు కూడా సాగేది కాదు. ఆమె గోనెలు తడిపి మగ్గం చుట్టూ వేలాడదీసేది. అవి తడిపినంత సేపు కూడా తడిగా ఉండేవి కావు.

మక్సూద్ మాట తక్కువ మనిషి. ఒకసారి నేసిన గుడ్డ ఇచ్చిరావడానికి ఒక దొర గడీకి వెళ్ళినప్పుడు, అక్కడ నేల కింద ఉన్న గదిలోకి దిగాడట. బయట మిట్టమధ్యాహ్నం, లోపల తెల్లవారుజాము లాగా ఉందట. తిరిగొచ్చినప్పటినుంచి అతనికి అదే ధ్యాస. అలాంటి తైఖానా ఒకటి తవ్వుకుని మగ్గం అందులో దింపితే ఎండాకాలమంతా పని సాగుతుందని, ఏడాదికి నాలుగు నెలలు చేతులు ముడుచుకుని కూర్చునే బాధ తప్పుతుందని భార్యతో చెప్పాడు. షంషున్నీసా సరేనంది. తవ్వడమంటే ఎంత పనో అప్పటికి ఆమెకు తెలియదు.

ఇంటి వెనక వసారా కప్పు విప్పేసి అక్కడ తవ్వడం మొదలుపెట్టారు. అతను గడ్డపారతో తవ్వితే ఆమె తట్టతో మన్ను ఎత్తి ఊరి బయట గుంతలో పోసి వచ్చేది. మనిషి నడుము లోతుకు పోయేసరికి బండ తగిలింది. ఆ ఊరికి ఆ పేరు ఊరికే రాలేదు. రాళ్ళు కొట్టే గురవయ్యను పిలిచారు. గురవయ్య బండ మీద కట్టెలు పేర్చి మంటపెట్టి, బాగా కాగాక చల్లటి నీళ్ళు పోసేవాడు. బండ చిటపటమని పొరలు పొరలుగా లేచేది. ఆ పొరలను సుత్తెతో విడగొట్టి పైకి అందిస్తే, షంషున్నీసా వాటిని గోడల కోసం ఒక పక్కన పేర్చేది. అలా రెండు ఎండాకాలాలు గడిచాయి. రెండో ఎండాకాలం చివర, అడుగున ఒక చోట బండ నెర్రె విచ్చి ఉండడం, ఆ నెర్రెలో సన్నగా చెమ్మ మెరవడం గురవయ్య చూశాడు. మక్సూద్‌కు చూపించాడు. ఎండాకాలంలో కూడా తడి ఉందంటే మగ్గానికి మంచిదే కదా అనుకున్నాడు మక్సూద్.

పైన రాతి బండలు పరిచి కప్పు వేసుకున్నారు. మెట్లు కట్టుకున్నారు. వెలుతురు కోసం నేలకు కాస్త పైన గవాక్షం పెట్టుకున్నారు. కాళ్ళకు గుంత తీసి మగ్గం కిందికి దించారు. ఆ ఏడాది వానలు మొదలైన మూడోనాడు పొద్దున్నే షంషున్నీసా మెట్లు దిగబోతే, మూడో మెట్టు దగ్గరే కాలికి నీళ్ళు తగిలాయి. కిందికి చూస్తే తొక్కుడు పలకలు తేలుతున్నాయి. పడుగు అంతా నానిపోయి రంగులు ఒకదానిలోకి ఒకటి దిగిపోయాయి.

ఆ రోజునుంచి ఆమెకు వానాకాలమంటే కుండ, తాడు, మెట్లు. పొద్దున లేచి ఎత్తిపోస్తే మధ్యాహ్నానికి నేల కనబడేది. అన్నం తిని వచ్చేసరికి మళ్ళీ మడమలు మునిగేవి. మక్సూద్ కిందనుంచి నింపి ఇస్తే ఆమె పైకి మోసి వీధిలోకి పారబోసేది. వాన వెలిసినా ఊట ఆగేది కాదు. పొలాల మీద పడిన నీళ్ళన్నీ బండ మీదుగా జారి జారి ఆ నెర్రెలోకే వస్తున్నట్టు ఉండేది. నీళ్ళు తగ్గాక గోడలకు బూజు, తెల్లటి ఉప్పు పొర. మగ్గం అచ్చులోని వెదురుపుల్లలు వంకర తిరిగాయి. మగ్గం పైకి ఎక్కించడం, ఎండలు రాగానే దించడం, వానలు పడగానే మళ్ళీ ఎక్కించడం. వాళ్ళకు పిల్లలు నిలవలేదు. ఆ కుండలు మోసినన్ని ఏళ్ళూ ఆమె నడుము సరిగా నిలబడలేదు.

చివరికి గురవయ్యే ఒక దారి చెప్పాడు. మెట్ల మీద కూర్చుని కింద నీళ్ళను చూస్తూ ఇలా అన్నాడు.

"గీ నీళ్ళను ఆపుడు మనతోని గాదు, మక్సూద్ బావా. వచ్చేటియి వస్తయి. మనం పొయ్యే తొవ్వ జూపియ్యాలె."

గోడల పొడుగునా సన్నటి కాలువ కొట్టి, నెర్రెలోంచి వచ్చే ఊటను అందులోకి మళ్ళించాలి. నేలకు డంగు సున్నం గచ్చు వేయాలి. కాలువను మూలకు దింపి, అక్కడినుంచి రాళ్ళతో కప్పిన మోరీ ఒకటి వీధి కిందుగా పల్లానికి తీసుకుపోవాలి. వీళ్ళ ఇల్లు మిట్ట మీద ఉంది. వీధికి అవతల నర్సింగమ్మ పెరడు బాగా పల్లంలో ఉంది. కాబట్టి నీళ్ళు వాటంతటవే పోతాయన్నాడు.

లోపలి పని ఆ ఎండాకాలంలోనే పూర్తి చేశారు. సున్నం, ఇసుక గానుగలో తిప్పి, కరక్కాయ నీళ్ళు, బెల్లం నీళ్ళు కలిపి గచ్చు వేశాడు గురవయ్య. షంషున్నీసా నున్నటి రాయి పట్టుకుని అది మెరిసేదాకా రోజుల తరబడి పాముతూ కూర్చుంది. అరచేతులు పొక్కాయి. గచ్చు మాత్రం అద్దంలా వచ్చింది. ఇక మిగిలింది వీధి కింద మోరీ. దానికోసం పటేలు దగ్గరికి వెళ్ళాడు మక్సూద్.

వీధి సర్కారుదని, దాన్ని తవ్వాలంటే తాలూకా కచేరి నుంచి ఇజాజత్, అనుమతి కాగితం, తెచ్చుకోవాలని చెప్పాడు పటేలు. అప్పుడు జర్మనీ లడాయి నడుస్తున్న రోజులు. పండిన గింజల్లో లెవీ కింద సర్కారుకు ఇంతని కొలవాలి. అది తప్పించుకోవడానికి కొందరు పాతర్లు తవ్వి ధాన్యం దాచుకుంటున్నారని ఊరూరా సోదాలు జరుగుతున్నాయి. నేల కింద గది అంటే పైవాళ్ళు ఇంకోలా అనుకుంటారని, తనకు తెలిసి కట్టారని మాత్రం ఎక్కడా చెప్పవద్దని పటేలు చేతులు జోడించినంత పని చేశాడు.

మక్సూద్ అర్జీ రాయించుకుని కచేరికి నడిచాడు. ఆ రోజు సాహెబు లేడన్నారు. ఇంకోసారి పోతే అర్జీలో ఇంటి హద్దులు లేవన్నారు. హద్దులు రాయించుకుని పోతే, నేసేవాడికి భూమిలో గది ఎందుకని అడిగారు. అతను జవాబు చెప్పేలోగా భోజనానికి లేచిపోయారు. పోయినప్పుడల్లా మక్సూద్ ముఖం ఇంకాస్త పీక్కుపోయి తిరిగొచ్చేవాడు. అప్పటికే అతనికి ఆయాసం పట్టింది. ఏళ్ళ తరబడి నీళ్ళలో నిలబడడం వల్లనో, ఆ బూజు గాలి వల్లనో, నాలుగు మెట్లు ఎక్కితే గోడ పట్టుకుని ఆగేవాడు. ఒకరోజు కచేరికి బయలుదేరి పొలిమేర దాటకుండానే వెనక్కి వచ్చి అరుగు మీద కూలబడ్డాడు. మర్నాడు షంషున్నీసా చద్దరు కప్పుకుని తనే వెళ్ళింది.

కచేరి వరండాలో పొద్దుటినుంచి నిలబడింది. ఎవరూ పిలవలేదు. మధ్యాహ్నం దాటాక, లెవీ సోదాలు చూసే గిర్దావర్ బయటికి వస్తుంటే ఎదురుపోయి సలాం చేసి, ఎండకు దారం తెగుతుందని, అందుకే కింద గది కట్టుకున్నామని, అనుమానముంటే వచ్చి చూసుకోమని చెప్పింది. ఆయన నడుస్తూనే విన్నాడు. వస్తానన్నాడు.

అన్నమాట ప్రకారం వచ్చాడు. తొలకరి పడిన వారానికి, గడ్డపారలు పట్టుకున్న ఇద్దరు జవానులతో వచ్చి తైఖానాలోకి దిగాడు. అంత నున్నటి గచ్చు చూసేసరికి ఆయన అనుమానం ఇంకా బలపడింది. కింద ఏమీ లేనప్పుడు నేల మీద ఇంత ఖర్చు ఎవరు పెడతారన్నాడు. కొట్టి చూడమన్నాడు. షంషున్నీసా మెట్ల మీద నిలబడి వద్దని చెప్పింది. కింద నీళ్ళు తప్ప ఇంకేమీ లేవని చెప్పింది. ఒక్కో పోటుకు సున్నం పెచ్చు లేచింది. గది నడుమ నెర్రె మీద గడ్డపార దిగేసరికి ఊట బుగ్గలా పైకి తన్నుకొచ్చింది. గిర్దావర్ బూట్లు తడిసిపోయాయి. ఆయన చప్పున మెట్లెక్కి, గింజలు లేవని రాసుకోమని జవాన్లకు చెప్పి వెళ్ళిపోయాడు.

మక్సూద్ గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆమె కుండ తీసుకుని కిందికి దిగింది.

ఇజాజత్ ఆ వానాకాలం అయిపోవచ్చాక వచ్చింది. కావలికారు తెచ్చి ఇచ్చి, అందులో ఏముందో చదివించి చెప్పాడు. వీధి కింద మోరీ వేసుకోవచ్చు. కానీ నీళ్ళు ఎవరి జాగాలోకి పోతాయో వాళ్ళు ఒప్పుకోవాలి. అంటే నర్సింగమ్మ.

నర్సింగమ్మ ఒంటరి ముసలిది. వెనకెప్పుడో వీధి నీళ్ళు వచ్చి ఆమె పెరటి గోడ కూలింది. దాన్ని మళ్ళీ కట్టుకోవడానికి ఆమె పడ్డ పాట్లు ఊరందరికీ తెలుసు. మోరీ మాట మొదటిసారి విన్నప్పుడే, ఒక్క చుక్క తన వైపు వచ్చినా ఊరుకోనని కబురు పంపింది. షంషున్నీసా వెళ్ళేటప్పటికి ఆమె గడపలో కూర్చుని కందులు విసురుతోంది. షంషున్నీసా ఎదురుగా కింద కూర్చుంది. బతిమాలే మాటలు కూడా ఆమె దగ్గర అయిపోయాయి.

"అక్కా, ఎత్తిపోసి ఎత్తిపోసి నా రెక్కలు పడిపోయినయి. నువ్వు వద్దంటే వద్దు. గా తైఖానల మన్నువోసి పూడుస్తం. గదే చెప్పిపోదామని వచ్చిన" అంది.

విసుర్రాయి ఆగింది. నర్సింగమ్మ ఆమె చేతుల వైపు చూసింది.

"పూడ్చుడు గూడ పనే గదనే. అది ఎవరు మోస్తరు, నువ్వేగద" అంది. మళ్ళీ విసుర్రాయి పిడి పట్టుకుని, "నా గోడ దిక్కు రావద్దు. పెరడు చివరకెళ్ళి తీస్కపోరి. ఆడ మిరప మడి ఉన్నది. నోటికాడ ఒక బండ పెట్టిచ్చున్రి, వద్దనుకున్ననాడు మూస్కుంట" అంది.

గురవయ్య వచ్చి వీధి కింద మోరీ కట్టాడు. పగిలిన గచ్చును కొట్టేసి మళ్ళీ వేశాడు. ఈసారి పామడానికి షంషున్నీసాకు ఓపిక లేక, గరుకుగానే వదిలేశారు. మరుసటి వానకు ఊట వచ్చింది, గోడ పక్క కాలువలో పడింది, మూలకు పోయింది, వీధి కిందుగా నర్సింగమ్మ మిరప మడిలో తేలింది. గది నడుమ నేల ఎండుగానే ఉంది. మక్సూద్ చాలాసేపు మెట్ల మీద కూర్చుని ఆ నీళ్ళు పోవడం చూశాడు. షంషున్నీసా అయితే పైన చాప వేసుకుని పడుకుంది.

ఆ వచ్చిన ఎండాకాలం అతను తైఖానాలో నేశాడు. బయట గాడుపు కొడుతుంటే కింద దారం మెత్తగా, తెగకుండా సాగింది. లడాయి వల్ల నూలు దొరకడమే కష్టమైంది. దొరికినంత నేశాడు. కానీ ఆయాసం తగ్గలేదు. దవాఖానలో చూపిస్తే, చెమ్మ ఉన్న చోట కూర్చోవద్దన్నారు. వానలు మొదలయ్యేసరికి అతను మెట్లు దిగలేకపోయాడు.

మగ్గం మీద సగం చీర ఉంది. మూడు రోజులు అలాగే ఉంది. నాలుగోనాడు షంషున్నీసా దిగి మగ్గం గుంతలో కాళ్ళు పెట్టి కూర్చుంది. కండెలు చుట్టడం, గంజి పట్టడం ఆమెకు చేతనైన పనే గానీ, నాడె ఎప్పుడూ విసిరింది లేదు. ఆడమనిషి గుంతలో కూర్చోవడం ఆ ఇంట ఎన్నడూ లేదు. మక్సూద్ పై మెట్టు మీద కూర్చుని చప్పుడు విని చెప్పేవాడు. దెబ్బ గట్టిగా పడుతోందని, కాలు ఆలస్యంగా వేస్తున్నావని. ఆమె నేసిన మొదటి గజం వంకరగా వచ్చింది. విప్పమనలేదు అతను. రెండు చలికాలాల తరువాత అతను పోయాడు. అప్పటికి ఆమె చీర తిన్నగానే వస్తోంది.

నలభై ఎనిమిదిలో నిజాం మీదికి ఫౌజులు వచ్చిన వానాకాలంలో ఊళ్ళలో ఎవరు ఎవరిని ఏం చేస్తారో తెలియకుండా పోయింది. ముస్లింల ఇళ్ళకు చాలావాటికి తాళాలు పడ్డాయి. షంషున్నీసా తమ్ముడు నూరుద్దీన్ డొంకదారిన బండి కట్టుకుని వచ్చి, సామాను సర్దుకొమ్మన్నాడు. కర్నూలు వైపు పోదామని, అక్కడ తెలిసినవాళ్ళు ఉన్నారని, మగ్గం అక్కడైనా పెట్టుకోవచ్చని చెప్పాడు.

"యాడికి పోయినా మళ్ళ మొదటికెళ్ళి మొదలువెట్టాలె, నూరూ. నాకు చాతగాదు. నువ్వు పిల్లల దగ్గరికి పో" అంది ఆమె.

అతను ఎంత చెప్పినా ఆమె లేవలేదు. పట్టుదల అనడానికీ లేదు. కూర్చున్నచోటినుంచి లేవడానికే ఒప్పుకోని ఒళ్ళు అది. నూరుద్దీన్ ఏడుస్తూ వెళ్ళిపోయాడు. బండి కదలడం చూసి నర్సింగమ్మ వీధి దాటి వచ్చింది. చేటలో ఎండుమిరపకాయలు తెచ్చుకుని షంషున్నీసా గడపలో కూర్చుని తొడిమలు తీయడం మొదలుపెట్టింది. వరసగా కొన్నిరోజులు అక్కడే కూర్చుంది. ఎవరో కొత్తవాళ్ళు కర్రలతో ఆ వీధిలోకి వచ్చినప్పుడు, ఈ ఇల్లు ఎవరిదని అడిగితే తనదేనంది. వాళ్ళు నిలబడి చూసి ముందుకు పోయారు. అంతసేపూ కింద మగ్గం ఆపి కూర్చున్న షంషున్నీసాకు ఆ మాట గవాక్షంలోంచి వినబడింది.

చలికాలం వచ్చాక దారులు నెమ్మదించాయి. ఆమె నేసిన చీరలు మూటకట్టుకుని ఆత్మకూరు సంతకు పోయింది. అవి అమ్ముకుని, అప్పటికి కృష్ణ ఒడ్డున పుట్టింటికి తిరిగొచ్చిన తమ్ముడి దగ్గరికి వెళ్ళింది. అతను బిందె తెచ్చి కాళ్ళకు నీళ్ళు పోశాడు. మరదలు అన్నం వడ్డించింది. తిని, పక్కన ఉన్న మంచం మీద నడుం వాల్చిన మనిషి పొద్దు గూట్లో పడ్డా లేవలేదు, సన్నగా గురక పెడుతూనే ఉంది. పిల్లలు వచ్చి చుట్టూ ఆడారు, మేకలు ఇంటికి వచ్చాయి, మరదలు దీపం పెట్టింది. లేపనా అని నూరుద్దీన్‌ను అడిగింది.

వద్దన్నాడు.