కంచంలో చెయ్యి కడిగిన అన్న

ఇంక ఈ జన్మలో నాటకం రాస్తే నన్ను అడగండప్పా! ఎవురి గురించో రాస్తే ఎవురికో తగిలింది. ఎవురికో ఏంది, నాకే!

మా వడమాలపేట హైస్కూల్ పాత విద్యార్థుల ఫంక్షన్‌కి ఒక నాటకం కావాలన్నారు. నేను రాస్తానన్నా. ఎందుకంటే నాకొక కడుపుమంట ఉండాది. మా నాయన ఎప్పుడు చూసినా, ఎవురొచ్చినా, "మా పెద్దోడికి ఓర్పు జాస్తి" అంటాడు. పెద్దోడంటే మా అన్న. మరి నేను? నాకు లేదా ఓర్పు? అన్నకు కోపం రాదా? చిన్నప్పుడు ఒకతూరి నా పలక పగలగొట్టినాడు, నేను మర్చిపోతానా!

సరే, స్టేజీ మీద చూపిస్తాం అనుకున్నా. ఇద్దరు అన్నదమ్ములు. అన్న ముక్కోపి, తమ్ముడు శాంతమూర్తి. అన్న కోపంతో ఇల్లు చెడతా ఉంటాది, తమ్ముడు ఓర్పుతో నిలబెడతా ఉంటాడు. కథంతా అంతే. తమ్ముడి డైలాగులకి వారం పట్టింది గానీ, కోపిష్టోడి సీన్లు మాత్రం కూర్చున్న చోట కూర్చున్నట్టే వచ్చేసినాయి. అప్పుడైనా నాకు డౌట్ రావద్దా?

నిన్న సాయంత్రం నాటకం. ముందు వరసలో నాయన, పక్కన నేను, అటుపక్క అన్న, మా ఆడోళ్ళు. నాయన మొగం చూడాలనే నేను ఆడ కూర్చున్నా.

స్టేజీ మీద అన్న వేషగాడు సంగటి ముందర కూర్చున్నాడు. పులుసు నోట్లో పెట్టినాడు. "ఉప్పేదీ?" అని అరిచి, కంచంలోనే చెయ్యి కడిగేసి, తువ్వాలు ఇదిలించి భుజాన ఏసుకోని, "ఈ ఇంట్లో నాకు విలువ లేదు!" అని బయటికి పోయి టీ అంగడి బల్ల మీద కూర్చున్నాడు.

ముందు నా పెండ్లాం కిసుక్కుమనింది. ఆనక మా వదిన. చూస్తా ఉండంగానే వరసంతా ఒకటే నవ్వు!

నాయన నా తొడ మీద ఒకటి చరిచినాడు. "ఒరే మునీ, నిన్ను నువ్వు బలే రాసుకున్నావురా!"

"నాయనా, అది అన్న!"

"వాడు కంచంలో చెయ్యి యాడ కడిగినాడురా?"

నా పెండ్లాం ఊరుకోవచ్చు గదా? "మొన్న బేస్తవారం గూడా కడిగినాడు మామా, ఈయనే!"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. లేచినా. తువ్వాలు ఇదిలించి భుజాన ఏసుకున్నా. "ఈ ఇంట్లో నాకు విలువ లేదు!" అని అరిచినా. అది ఇల్లు కాదప్పా, స్కూల్ గ్రౌండు! జనం ఇది గూడా నాటకమే అనుకోని చప్పట్లు!

బండి స్టార్ట్ చేసి నేరుగా బస్టాండు కాడ టీ అంగడికి పోయినా. బల్ల మీద కూర్చున్నాక గానీ తెలీలేదు, యాడ కూర్చున్నానో.

కొంచేపటికి అన్న వచ్చినాడు. నాటకంలో తమ్ముడొచ్చి పిలుచుకోని పోవాల. ఈడ అన్నే వచ్చినాడు. నవ్వలేదు మహానుభావుడు, అదే నాకింకా మంట! "రా మునీ, సంగటి సల్లారిపోతాది" అన్నాడు. అది నేను తమ్ముడికి రాసిన డైలాగు!

"నేను రాను, పో!" అన్నా. అది గూడా నేను రాసిందే.

"ఆనక ఏం రాసినావప్పా?" అన్నాడు నెమ్మదిగా.

ఆనక ఏముంది, కోపిష్టోడు లేచి ఎనకాలే పోతాడు. పోయినా.

ఇంట్లో కంచాలు పెట్టినారు. సంగటి, వంకాయ పులుసు. నోట్లో పెట్టినా. ఒట్టు, ఉప్పు లేదు! తలెత్తి చూస్తే నాయన, అన్న, వదిన, నా పెండ్లాం... నలుగురూ తినడం ఆపి నా చెయ్యే చూస్తా ఉండారు, నీళ్ళ చెంబు పక్కకు పోతాదేమో అని.

"పులుసు బలే ఉండాది, ఇంకొంచెం ఎయ్యి" అన్నానప్పా!

రాసిన పాపానికి ఇంక జన్మంతా చప్పిడి పులుసే.