చింతపండుతో తోమిన రాగి గుండిగ

గుండిగ లోపల ఎర్రగా మెరుస్తోంది. వంగి చూస్తే అడుగున నా మొహం కనబడుతోంది. చేతులు తుడుచుకుని, దేవునికి స్తోత్రం చెప్పుకుని, ఖాలా రాగానే కంటబడేలా దాన్ని వంటింటి బల్ల మధ్యలో పెట్టాను. అంత పెద్ద తప్పు చేసి, దాని మీద నేను కృతజ్ఞతా ప్రార్థన కూడా చేశానన్న సంగతి ఇన్నేళ్లయినా నాకు మింగుడుపడదు.

అవి సిడ్నీలో చదువుకునే రోజులు. క్వేకర్స్ హిల్‌లో ఒక అజర్‌బైజాన్ పెద్దావిడ ఇంట్లో నేనూ, కరీంనగర్ నుంచి వచ్చిన ఒక అమ్మాయీ చెరో గదిలో ఉండేవాళ్లం. ఇల్లు చూడటానికి వెళ్లిన రోజే ఆవిడ, "నన్ను ఆంటీ అనొద్దు, ఖాలా అనండి. మా భాషలో పిన్ని" అంది. కరీంనగర్ అమ్మాయి పకపకా నవ్వింది. "మా గల్లీల గూడ ఖాలా అనే అంటరక్కా. గింత దూరమొచ్చినా ఖాలానే దొరికింది సూడు!"

ఆ చలికాలం నాకు జ్వరం వచ్చి పది రోజులు మంచం దిగలేదు. పదిరోజులూ ఖాలా మాంసం పులుసు కాచి, పక్కన కూర్చుని తాగించింది. ఆవిడ వేరే మతం, నేను వేరే. అయినా నా నుదుటి మీద చెయ్యి వేసి ఆవిడ తన భాషలో ఏదో గొణుక్కుంటుంటే అది ప్రార్థనేనని తెలిసిపోయేది. ఆ రుణం ఎలా తీర్చుకోవాలా అని లేచి తిరగగలిగిన రోజు నుంచీ అదే ఆలోచన.

నేను బడికి వెళ్లి చదువుకున్నదాన్ని కాను. మా నాన్న గోదావరి లంకల్లో సంఘ కాపరి. ఒక లంకలో కుదురుకునేలోగా ఇంకో లంకకు మారాల్సి వచ్చేది. అందుకని అమ్మే ఇంట్లో పాఠాలు చెప్పి, పరీక్షలు ప్రైవేటుగా కట్టించింది. ఆవిడ పాఠాల్లో శనివారం పాఠం ఒకటి ఉండేది. మా చర్చి గుడిలో ప్రభువు బల్లకు, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచడానికి వాడే ఇత్తడి పళ్లెం, గిన్నె చింతపండూ బూడిదా పెట్టి తోమాలి. "నీ మొహం కనబడిందా? కనబళ్లేదా? అయితే ఇంకా తోము" అనేది అమ్మ. మా ఇంట్లో వంటంతా స్టీలు గిన్నెల్లోనే. తోమే లోహం అంటే నాకు తెలిసింది గుడి ఇత్తడొక్కటే.

ఖాలా దగ్గర ఉన్నది రాగి గుండిగ. ఇరవై మందికి పలావు ఉడుకుతుంది. ఆవిడ ముత్తవ్వ పెళ్లి సామానట. వాళ్ల దేశంలో కొండల మధ్య లాహిజ్ అని ఒక ఊరు ఉందట. వీధి పొడవునా కంచరి కొట్లే, పగలంతా సుత్తి చప్పుడేనట. ఒకరు రేకును సాగగొట్టి గిన్నె చేస్తే, ఇంకొకరు ఉలితో పువ్వులు చెక్కేవారట. ఈ గుండిగ అంచు కింద చుట్టూ చెక్కి ఉన్నవి మన చీరల మీద ఉండే బుటాలే. వాళ్లూ బుటా అనే అంటారని విని నేను ఆశ్చర్యపోయాను. అల్యూమినియం చవగ్గా వచ్చిన కాలంలో ఊళ్లో అందరూ రాగి సామాను కరిగించేవాళ్లకు ఇచ్చేస్తుంటే, ఖాలా వాళ్ల అమ్మ దీన్ని పిండి బస్తాలో దాచిందట.

ఖాలా భర్త పోయి ఆ ఆదివారానికి ఏడాది. ఆయన పేరు మీద నలుగురికీ అన్నం పెట్టడానికి శుక్రవారం పొద్దున గుండిగను అటక మీంచి దింపించుకుని, ఆవిడ సరుకులకు వెళ్లింది. నాకు ఆరోజు క్లాసు లేదు. గుండిగ బయట నల్లబడి ఉంది. లోపల చూస్తే బూడిదరంగు, అక్కడక్కడా మరకలు. అయ్యో, ఎన్నాళ్ల మడ్డి పేరుకుపోయిందో అనుకున్నాను. చింతపండు నానబెట్టాను. ఉప్పు తెచ్చుకున్నాను. స్టీలు పీచు తీసుకుని మూడు గంటలు, భుజం పట్టేసేదాకా, పాటలు పాడుకుంటూ తోమాను. బూడిదరంగు నీళ్లు సింకులోకి పోతూనే ఉన్నాయి.

ఖాలా, కరీంనగర్ అమ్మాయి ఒకేసారి లోపలికి వచ్చారు. ఖాలా చేతిలో సంచులు కిందికి జారాయి. ఎండు ఆల్‌బుఖారా పళ్లు నేలంతా దొర్లాయి. ఆవిడ గుండిగలోకి వంగి చూసి అన్న మొదటి మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

"తెలుపేదీ? లోపల తెలుపేదీ?"

"మురికి ఖాలా. అంతా వదిలించాను" అన్నాను నవ్వుతూ.

ఆవిడ అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. రెండు అరచేతులతో మోకాళ్ల మీద కొట్టుకుంది. అరవలేదు. అరిచి ఉంటే నాకు కొంచెం నయంగా ఉండేది.

కరీంనగర్ అమ్మాయి గుండిగలోకి తొంగిచూసి నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. "అక్కా! ఏం జేసినవే? గది కళాయి! మా అమ్మమ్మ ఏడాదికొక్కపారి పూయిస్తుండె. గది లేకుంట రాగిల పులుపు వండితే విషమైతది. సండేకి గెస్ట్స్ వస్తున్నరు, యూ నో దట్, రైట్?"

కళాయి. ఆ మాట నేను చదివాను. అమ్మ చెప్పిన పాఠంలోనే, రాగి, తగరం, పూత అని రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. కళ్లెదురుగా ఉంటే మాత్రం మడ్డి అనుకున్నాను.

అసలు దెబ్బ ఆ తర్వాత తగిలింది. ఖాలా మెల్లగా చెప్పింది. ఆవిడ భర్త కళాయి పూసేవాళ్ల ఇంటి బిడ్డ. ఈ దేశం వచ్చి ఫ్యాక్టరీలో పనిచేసినా, రెండు మూడేళ్లకోసారి పెరట్లో ఈ గుండిగకు తనే పూత వేసేవాడు. చివరి పూత జబ్బు పడటానికి ముందు వేశాడు. కరిగిన తగరాన్ని దూదితో గుండ్రంగా తుడిచిన జాడలు ఆ తెలుపులో కనబడుతుండేవట. "అతని చెయ్యి ఎలా తిరిగిందో నాకు కనబడేది" అందావిడ.

నేను సింకు వైపు చూశాను. ఆయన చేతి జాడ అందులోంచే పోయింది. నేను పాటలు పాడుతుండగా పోయింది.

ఆవిడ పాదాల దగ్గర కూర్చుని నేల మీది పళ్లు ఏరాను. ఆదివారం అన్నం వేరే గిన్నెలో వండుకోవచ్చు కదా అని కరీంనగర్ అమ్మాయి అంటే, ఖాలా తల అడ్డంగా ఊపింది. ఆయన పేరు మీద అన్నం ఆ గుండిగలోనే ఉడకాలి, లేకపోతే వద్దే వద్దు.

శనివారం పొద్దున ఆవిడ నా గది తలుపు కొట్టింది. చేతిలో తుప్పుపట్టిన బిస్కెట్ డబ్బా. ఆయన గ్యారేజీలో దాచుకున్నది. లోపల ఒక తగరపు కడ్డీ, సగం అరిగినది, పొట్లంలో తగరం రాగికి అంటుకునేందుకు చల్లే నవాసారం, కొంచెం దూది.

"ఇది మగవాళ్ల పని. నేను ముట్టుకోలేదు. కానీ నలభై ఏళ్లు పక్కన నిలబడి అందించాను. నీ చెయ్యి, నా కళ్లు. రా."

"నేనా?" అన్నాను బెదిరిపోయి.

"తగరం పూసేముందు వాళ్లూ పులుపు పెట్టే తోముతారు. సగం పని నువ్వు చేసేశావు" అంది. ఆ మాటకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

పెరట్లో బార్బెక్యూ పొయ్యి మీద గుండిగను బోర్లించి, తిప్పి, వేడెక్కించాం. కరీంనగర్ అమ్మాయి పటకారుతో అంచు పట్టుకుంది. "స్లోగా అక్కా, స్లోగా. నా వీసా ఇంక రెండేళ్లుంది, గీడ్నే సావనియ్యకు." నవాసారం చల్లగానే తెల్లటి పొగ లేచి కళ్లు మండాయి. పక్కింటాయన కంచె మీంచి తల పెట్టి, బార్బెక్యూ మాడిపోతోందా అని అడిగి వెళ్లాడు. కడ్డీ ఆనించగానే తగరం నీళ్లలా జారింది. దూది ఉండతో తుడవడం మొదలుపెట్టాను.

అప్పుడు చూశాను. అంచు మడత కింద, నా పీచు చేరని చోట, బొటనవేలంత మేర పాత పూత మిగిలే ఉంది. ఆయనది. చూస్తుండగానే అది మెత్తబడి, మెరిసి, కిందికి జారడం మొదలైంది.

"ఆపండి! పొయ్యి ఆపండి! అది ఆయనది, కరిగిపోతోంది!" అని కేకపెట్టాను. చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"తుడువు!" ఖాలా అరిచింది. అంతదాకా ఎప్పుడూ నా మీద అరవని మనిషి. "ఆగితే గడ్డకడుతుంది. తుడువు!"

తుడిచాను. ఆ పాత చుక్క కొత్త తగరంలో కలిసిపోయి నా దూది కింద నుంచి గుండ్రంగా సాగింది. ఏది ఆయనదో ఏది కొత్తదో ఒక్క క్షణంలో తెలియకుండా పోయింది. కళ్లనీళ్లతో నాకేమీ కనబడలేదు. పొగ వల్ల అని చెప్పుకున్నాను.

గుండిగ చల్లారాక ఖాలా లోపలికి చెయ్యి పెట్టి తడిమింది. నా పూత ఎక్కడికక్కడ దళసరిగా, చారలు చారలుగా ఉంది. "అతను కూడా వాళ్ల నాన్న పూత మీదే పూశాడు. ప్రతిసారీ పాతది కరిగేది. అప్పుడు నేను కేకపెట్టలేదు. నాకు తెలియలేదు, అంతే" అంది.

ఆదివారం నేను గుడి నుంచి వచ్చేసరికి ఇల్లంతా నెయ్యి, ఆల్‌బుఖారా వాసన. పద్దెనిమిది మంది తిన్నారు. ఖాలా ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఒక ముసలాయన గుండిగలోకి చూసి ఏదో అడిగితే, నా వైపు చెయ్యి చూపించి వాళ్ల భాషలో రెండే మాటలంది. ఆయన లేచి నిలబడి నాకు తల వంచి నమస్కరించాడు. దాక్కోవడానికి చోటులేక నేను కళ్లు దించుకున్నాను.

అందరూ వెళ్లాక ఖాలా ఖాళీ గుండిగను తెచ్చి నా చేతుల్లో పెట్టింది. కడగమని.

కరీంనగర్ అమ్మాయి అల్మారా తెరిచి, చింతపండు డబ్బా తీసుకుని, చంకలో పెట్టుకుని తన గదిలోకి వెళ్లి తలుపేసుకుంది.

గోరువెచ్చటి నీళ్లు పోసి, ఉత్త అరచేత్తో కడిగాను. లోపలి చారల్లో నా మొహం కనబడలేదు. అమ్మ గుర్తొచ్చింది. ఇక తోమలేదు.